చిల్లుల సీటు

బండి కొన్ననాడు షోరూం పిలగాడు
సీటు మీద అరచెయ్యి ఆనిచ్చి చూపిచ్చిండు:
సన్నసన్నని చిల్లులు, దబ్బనం మొన పట్టనివి.
"కింద ఫ్యానుంటది సార్, వీపుకు చెమట రాదు."
మౌళి సేటు కూసొని కండ్లు మూసిండు.
నేను తాళాలు పట్టుకొని నిలబడ్డ.

నడుము పిసికే మీట ఒకటుంది అండ్ల.
నెత్తి మీద అద్దం, వత్తితె జరిగిపోతది.
రెండేండ్లల్ల ఒక్కపారే తెరిచినం,
సేటు మనుమరాలు తలకాయ బయటపెట్టి
కాజీపేట బ్రిడ్జి మీద ఈలేసినప్పుడు.
నా సీటుకూ చిల్లులున్నయి.
మీట ఏడుందో ఆయన చెప్పలే, నేనడగలే.

సేటు అడ్తి దుకాణంల కూసుంటె
నేను ఎనుమాముల యార్డుల
రేకుల నీడ దేవులాడుకుంట.
బండి ఆపినంక ఏసీ ఏస్కోవద్దు, అది మా ఒప్పందం;
డీజిలు ముల్లు ఆయనకు
నా మొఖం కంటె బాగ తెలుసు.
పదకొండు గొట్టంగ తలుపు పిడి ముట్టుకుంటె
పెనం మీది రొట్టె తిప్పినట్టు ఏలు గుంజుకోవాలె.
స్టీరింగు మీద తడి తువ్వాల పరుస్త,
అర్ధగంటకు అది అప్పడం.

ఆ దినం రోహిణి ఇంక రాలే.
ఎండకు కార్తెల లెక్క తెల్వదు.
తేజ రకం బస్తాలు గుట్టలు గుట్టలు,
ఘాటుకు గాలే దగ్గుతాంది.
హమాలీ ఓదెలు బస్తా దించిండు,
దించినోడు లేవలే.
జేబుల ఉల్లిగడ్డ జారి
నా కాళ్లకాడికి దొర్లింది.
పెయ్యి ముట్టుకుంటె బానెట్ లెక్క కాలుతాంది,
చెమట లేదు. ఒక్క సుక్క లేదు.
వీపుకు చెమట రాకపోవుడంటె ఇదా అనిపిచ్చింది.

ఆటో కోసం ఒకడు ఉరికిండు.
నేను వెనుక తలుపు తీసిన.

పండవెట్టినం. తెల్ల తోలు మీద
ఎర్రటి మనిషి,
ఎంట్రుకల సందున సుత మిరప దుమ్ము.
ఏసీ పదహారుకు తిప్పిన,
సీటు ఫ్యాను మూడు గీతలు.
కాశీబుగ్గల లారీ అడ్డమొచ్చింది, తిట్టిన.
చౌరస్తల పోలీసు చెయ్యెత్తిండు, ఆగలే.
అద్దంల చూస్తె ఓదెలు పెదవులు కదులుతానయ్:
"ఎవలన్న కిటికి మూయిండ్రి, చలి పెడ్తాంది."
ఎంజీఎం గేటు కాడ స్ట్రెచరు దొరికేసరికి
మేం వచ్చినంత సేపు పట్టింది.

సేటు ఏమనలే. నిజంగ ఏమనలే.
సర్వీసింగుకు పంపిండు, నురుగుతోని కడిగిండ్రు,
మల్లెపూల వాసన శీశ ఒకటి తగిలిచ్చిండ్రు.
మర్నాడు హన్మకొండ పొయ్యేటప్పుడు
వెనుక సీటు ఫ్యాను ఏసుకున్నడు.
చిల్లులల్ల కెల్లి తేజ లేసింది.
తుమ్ము మీద తుమ్ము, పదమూడు లెక్కవెట్టిన,
కండ్లద్దాలు ఊడి మ్యాటు మీద పడ్డయి.
నలభై ఏండ్లు మిరప అమ్మినోడు
మొదటిసారి బస్తా కింద వీపు పెట్టినట్టు ఎగిరిండు.

అప్పటిసంది ముందట, నా పక్కన కూసుంటాండు.
ఒకనాడు నా అంగి దిక్కు చూసి
"గంత తడిసిందేందిరా, ఆ మీట వత్తుకోరాదు" అన్నడు,
తనే చెయ్యి చాపి చూపిచ్చిండు.
గేరు పక్కన్నే.
రెండేండ్లు నా మోచెయ్యి దాని మీదనే ఉన్నది.
వత్తిన. వీపు మీద ఎవలో ఊదినట్టు.
తడి అంగికి చలేసి దగ్గొచ్చింది,
ఫాతిమానగర్ దాటంగనే బందు చేసిన.

ఓదెలు పదిహేను దినాలకు యార్డుకొచ్చిండు.
బస్తా మోస్తనే బానెట్ మీద చరిచి
"మంచిగ చలి పెట్టిందిరా నీ బండ్ల,
ఇంకోపారి పడితె చెప్తలే" అన్నడు.
నవ్విన. తువ్వాల తడుపుకొని మల్ల పరిచిన.

వెనుక సీటు ఖాళీ, ఫ్యాను బందు.
అయినా ఎండల తలుపు తీసినప్పుడల్లా
ముక్కుల సన్నగ
ఒక తుమ్ము వచ్చి ఆగుతది.